మొహం కనపడాలి

"ఇదొక వీడియోనా?" ల్యాబ్ ఇన్‌ఛార్జి అరుపుకి గదిలో ఉన్న పాతికమందీ కీబోర్డుల మీంచి తలలెత్తారు. "ఏం చెప్తున్నావో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!"

కాలేజీకి సమాచార వీడియోలు తీసే విద్యార్థిని, డిజిటల్ మెంటర్‌కి తల కొట్టేసినట్టయింది. పరీక్ష ఫారం ఆన్‌లైన్‌లో ఎలా నింపాలో చెప్పే మూడున్నర నిమిషాల వీడియో అది. తెర మీద బాణం గుర్తు కదులుతుంటే వెనక ఆమె గొంతు వివరిస్తుంది. మొదటి సంవత్సరం పిల్లలకి చూపిస్తే పది నిమిషాల్లో ఫారాలు నింపేశారు.

"ఏది అర్థం కాలేదు సర్?"

ఆయన పెద్ద హెడ్‌ఫోన్లు మెడ మీదకి లాక్కుని ఆమె మొహంలోకి గుచ్చి చూశాడు. "బాణం గుర్తు పాఠం చెప్తుందా? మాట్లాడేది నువ్వు. నీ మొహం కనపడాలి. వెళ్ళు, మళ్ళీ తియ్యి."

వరండాలోకి రాగానే పిన్ని కూతురు విరగబడి నవ్వింది. అదే కాలేజీలో ఒక ఏడాది చిన్నది, కెమెరా పట్టుకునేది తనే.

"మొహం కనపడాలట! పాస్‌పోర్టు ఫొటోనా అక్కా?"

"నవ్వకు. శుక్రవారం ఐదుకి ఆఖరు."

కాలేజీలో తీసే ప్రతి సమాచార వీడియోకీ ఆయన సంతకం ఉండాలి. శుక్రవారం లోపు ఒక్కటైనా ఆమోదం పొందకపోతే మెంటర్ పదవి ఇంకొకరికి పోతుంది. పదవి పోతే పోయె, కాలేజీ ఇచ్చిన ల్యాప్‌టాప్ కూడా వెనక్కివ్వాలి. ఆమె ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అందులోనే సగంలో ఉంది. ఇంట్లో మరో కంప్యూటర్ ఊసే లేదు.

బుధవారం బోర్డు ముందు నిలబడి, చేతిలో మైకు పట్టుకుని మళ్ళీ తీసింది. ఆయన సగం చూసి ఆపేశాడు.

"నోటికి అడ్డంగా ఆ గద ఏంటి? ఊరికే బోర్డు వైపు తిరిగి ఎవరికి చెప్తున్నావు, గోడకా? కింద అక్షరాలు వెయ్యమని వేరే చెప్పాలా?"

పెన్‌డ్రైవ్ తీసుకోడానికి వంగుతూ, "గొంతు స్పష్టంగానే ఉంది కద సర్" అంది ఆమె.

ఆయన అప్పటికే హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇంకేదో ఫైలు తెరిచాడు. ఆ మనిషంటే ఆమెకి అసహ్యం పుట్టింది. పురుగునైనా ఇంకాస్త మర్యాదగా చూస్తారనిపించింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు.

"రాయి" అంది పిన్ని కూతురు. "వెనక నిలబడి ఎంతసేపు పిలిచినా తిరిగి చూడడు."

"రాశా."

"ల్యాబ్ ఫోను మోగి మోగి ఆగాల్సిందే. ఎత్తడు."

"రాశా."

"బెల్లు కొట్టినా మహారాజులా కూర్చుంటాడు. అందరూ లేచాక తీరిగ్గా లేస్తాడు."

"అదీ రాయాలా?"

"రాయక్కా! ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటికి పంపేస్తానని ప్రిన్సిపాల్ ముందే అన్నాడట. ఆయనకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. మన పుణ్యమా అని ముందే విశ్రాంతి తీసుకుంటాడు."

ఇద్దరి సంతకాల కింద ఇంకో ఏడుగురు సంతకాలు పెట్టారు. ప్రిన్సిపాల్ గది బయట తాళం వేసున్న ఫిర్యాదుల పెట్టెలో ఆ కాగితాన్ని మెంటర్ తన చేత్తోనే వేసింది.

శుక్రవారం నాటకాల క్లబ్బు నుంచి కాలరు మైకు తెచ్చింది, చిక్కుడు గింజంత ఉంది. ఎలా వాడాలో క్లబ్బువాడు చెప్పబోతే "తెలుసులే" అని లాక్కొచ్చింది. కెమెరాకి ఎదురుగా నిలబడి, ఆయన మీదున్న కోపమంతా మింగుతూ ఒక్కో మాటా కొరికి కొరికి చెప్పింది. లైబ్రరీలో ఓ మూల కూర్చుని, అక్కడ చప్పుడు చేయకూడదు కాబట్టి ల్యాప్‌టాప్ శబ్దం ఆపేసి, కాగితం మీద ముందే రాసుకున్న మాటల్ని అక్షరాలుగా కింద అతికించారు. నాలుగున్నరకి ల్యాబ్‌కి పరుగెత్తారు.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూశాడు. ఈసారి ఎక్కడా ఆపలేదు. తెరకి మరీ దగ్గరగా జరిగి ఆఖరుదాకా చూశాడు.

"ఇలా కదా చెప్పాలి!" గది దద్దరిల్లేలా అన్నాడు. "ఒక్క ముక్క కూడా పోలేదు."

ఆమోద పత్రంలో మూడు గడులున్నాయి: బొమ్మ, అక్షరాలు, శబ్దం. మూడింటికీ టిక్కు పెట్టాడు. శబ్దం పక్కన 'చాలా స్పష్టం' అని రాసి సంతకం చేశాడు. ఆమె థాంక్స్ కూడా చెప్పకుండా కాగితం లాక్కుని వచ్చేసింది.

"అక్కా," పిన్ని కూతురు వరండాలో ఆగింది. "పెట్టెలో కాగితం వెనక్కి తీసుకుందామా? అటెండర్ని అడిగితే ఇస్తాడేమో."

"ఎందుకు? సంతకం పడేశాడని కాళ్ళ మీద పడాలా? మూడు రోజులు నన్ను ఏడిపించాడు. అనుభవించనీ."

వాళ్ళు చూస్తుండగానే అటెండర్ పెట్టె తెరిచి, కాగితాలు తీసుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాడు. ఆమెకి కసి తీరింది.

మెట్ల మీద జూనియర్లు చుట్టుముట్టారు. "వీడియో అక్కా, పాసైందట కదా, చూపించవా?"

పిన్ని కూతురు ల్యాప్‌టాప్ తెరిచింది. "ముందు ఇది చూడండి, ఆయన పనికిరాదన్నది" అని మొదటి వీడియో పెట్టింది. మెంటర్ గొంతు మెట్లంతటా ఖంగుమంది. "ఇక ఇది, ఆయన మెచ్చింది" అని కొత్తది పెట్టింది. వాల్యూమ్ పెంచింది. ఇంకా పెంచింది. చివరిదాకా పెంచి, మెంటర్ వైపు తిరిగింది.

ఆ వీడియోలో అసలు శబ్దమే లేదు.