ఇరుక్కున్న తల

ఒకానొక చెదల పుట్టలో బండతల అనే భటుడు ఉండేవాడు. ఒంటికన్నా తల పెద్దది కావడంతో తన తిండి తాను తినలేడు. పనిచెదలే ముద్ద నోట్లో పెట్టాలి. "యుద్ధమొస్తే ఎవరైనా నాకు ముందు ముద్ద పెట్టి, ఆనక శత్రువును చూపించండి," అని తన మీద తానే నవ్వుకునేవాడు.

ఒక వానకు పుట్టగోడకు చిల్లి పడింది. గండుచీమలు దండుగా వచ్చిపడ్డాయి. బండతల పారిపోదామని వెనక్కి తిరగబోతే, రోజూ ముద్ద పెట్టే పెద్దక్క పసిచెదలను పొదువుకుని అక్కడే నిలబడి ఉంది. అతడు చిల్లిలో తల దూర్చాడు. తల బిరడాలా బిగుసుకుంది. చీమలు అతని మీసాలు తెంపుతుంటే, పనిచెదలు తల చుట్టూ గబగబా మట్టి మెత్తాయి.

చీమలు విసిగి వెళ్లిపోయాక అందరూ కలిసి అతణ్ణి వెనక్కి లాగారు.

"ఎంత ధైర్యంరా తమ్ముడూ!" అంది పెద్దక్క.

"ధైర్యమా? తల ఇరుక్కుందక్కా. బయటపడదామనే గింజుకున్నాను. మీరేమో మట్టి మెత్తేశారు."

పుట్టంతా పగలబడి నవ్వింది. అతడూ నవ్వాడు. ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని, ధైర్యం కోసం తనలో చాలాసేపు నిజాయితీగా వెతికాడు. భయం తప్ప మరేమీ దొరకలేదు.

మరో వానకు గోడ మళ్లీ విరిగింది. ఎవరూ పిలవకముందే బండతల బరువైన తల ఈడ్చుకుంటూ బయలుదేరాడు.

"ఎక్కడికిరా?" అంది పెద్దక్క.

"ఇరుక్కోవడానికక్కా. ఈసారి మట్టి కాస్త త్వరగా మెత్తండి. నా కాళ్లకు పారిపోయే బుద్ధి ఇంకా పోలేదు."