బియ్యంలో పేరు

తెనాలిలో రేపల్లె బండి కదిలిందో లేదో, పిల్లవాడు గుక్కపట్టాడు.

శేషారత్నం కూతురి చెయ్యి పట్టుకుంది.

"కడుపునొప్పేమోనే బిందూ! దిగిపోయి ఆసుపత్రికి పోదామా?"

"ఉక్కపోతమ్మా. ప్రతిదానికీ ఆసుపత్రేంటి?" అంది కూతురు.

శేషారత్నం భయపడక ఏం చేస్తుంది? నెలలు నిండకుండానే బిందుకి కాన్పయింది. ఫిట్స్ వచ్చి కొన్నాళ్ళు కళ్ళు తెరవలేదు. శేషారత్నం ఆ మంచం వదల్లేదు. పిల్లవాణ్ణేమో అద్దాల గదిలో పెట్టారు. కన్నతల్లుల్ని తప్ప ఎవరినీ, అల్లుడు గిరీష్‌ని కూడా లోపలికి రానివ్వలేదు. లోపల వాడికి ఏం పాలు పడుతున్నారో, ఎలా ఉంచుతున్నారో అని ఆమె ఏడవని పూట లేదు.

దేవుడి దయ, ఇద్దరూ దక్కారు. రేపే రేపల్లెలో, అల్లుడి ఇంట్లో బారసాల.

పేరు మాత్రం ఇంకా తేలలేదు.

"ఋత్వంశ్. అంతే," అన్నాడు పక్కనే కూర్చున్న గిరీష్.

"జియాన్," అంది బిందు. "మీ ఋత్వంశ్ పలకబోతే మీ నాన్నగారి కట్టుడు పళ్ళు ఊడిపడతాయి."

"నీ జియాన్ టానిక్ సీసా పేరులా ఉంది. పూటకో మూత పొయ్యాలేమో."

"కన్నది నేనండీ!"

"అయితే రేపు బియ్యంలో నువ్వే రాసుకో."

బిందు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

శేషారత్నం ఆలోచనలో పడింది. రేపు నలుగురిలో అల్లుడు ఉంగరం విసిరేసి లేచిపోతే? కూతురు పెట్టె సర్దుకుని వచ్చేస్తే? పేరులేని పిల్లాణ్ణి బళ్ళో ఎవరు చేర్చుకుంటారు? ఆమె ఆలోచన కోర్టు దాకా వెళ్ళి వచ్చింది.

"ఎంత ఎదిగాడమ్మా!"

ఎదురు సీటులో బురఖా వేసుకున్న ఒకావిడ. ఒళ్ళో చంటిపిల్ల నిద్రపోతోంది.

శేషారత్నం ఉలిక్కిపడింది. బిడ్డని చూసి అనే మాటేనా అది!

"ఏం ఎదిగాడులే తల్లీ, పుల్లలా ఉంటేనూ," అంది మొహం ముడుచుకుని.

"ఒక్కసారి ఇవ్వండి పెద్దమ్మా. నేనూరుకోబెడతా."

శేషారత్నం వద్దనేలోపే, విసిగిపోయి ఉన్న బిందు పిల్లవాణ్ణి అందించేసింది.

ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని చెవి దగ్గర మెల్లగా అంది.

"మస్తాన్... మస్తాన్... ఏంటి నాన్నా?"

ఏడుపు టక్కున ఆగింది. వాడు ఆవిడ మెడలోకి మొహం దూర్చేశాడు.

"చూడవే ఆఫ్రీన్, అన్నయ్య," అంది ఆవిడ తన పాపతో.

గిరీష్ నవ్వాడు. "మస్తాన్ ఏంటండీ?"

"అలా అలవాటైందండి. మా పాప కూడా తెనాలిలోనే పుట్టింది. ఆ ఆసుపత్రిలో..."

"ఇటివ్వమ్మా, పాలవేళయింది," అంటూ శేషారత్నం లాక్కున్నంత పని చేసింది.

ఆవిడ మాట సగంలోనే ఆగిపోయింది.

జంపనిలో దిగింది. దిగి కూడా వెళ్ళలేదు. కిటికీ పక్కన నిలబడి వాణ్ణే చూస్తోంది.

శేషారత్నం వాడి మొహం మీద తువ్వాలు కప్పేసింది.

రేపల్లె చేరగానే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఇల్లంతా దగ్గింది. దిష్టి తగిలుంటే ఘాటు రాదంటారు. అయినా ఆమెకి నమ్మకం కుదరక మళ్ళీ ఒకసారి తీసింది.

తెల్లవారింది. పళ్ళెంలో బియ్యం పరిచారు. ఉంగరం గిరీష్ చేతికిచ్చారు.

"రాయరా," అన్నాడు గిరీష్ తండ్రి బసవేశ్వరరావు.

గిరీష్ బిందు వంక చూశాడు. బిందు గిరీష్ వంక చూసింది. ఇద్దరి వంకా చూసి పిల్లవాడు గుక్కపట్టాడు.

"ఋత్వంశ్, ఊరుకో నాన్నా!"

ఊరుకోలేదు.

"జియాన్, బంగారం!"

ఏడుపు ఇంకా హెచ్చింది. పెదాలు నల్లబడుతున్నాయి.

శేషారత్నం వాణ్ణి అందుకుని భుజాన వేసుకుంది. ఏమంటోందో తెలియకుండానే అనేసింది.

"మస్తాన్... మస్తాన్!"

ఆగిపోయింది.

వాడు ఆమె మెడలోకి మొహం దూర్చేశాడు. ముందు నవ్వింది బసవేశ్వరరావే.

"మా మేనమామ పేరే! బతకరనుకున్న పిల్లలకి మస్తాన్ బాబాకి మొక్కుకుని పెట్టుకునేవాళ్ళం. మనకేం కొత్తా?"

"ఋత్వంశ్ కాకపోతే నాకేదైనా సరే," అంది బిందు.

"జియాన్ కాకపోతే నాకూ సరే," అన్నాడు గిరీష్.

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం శేషారత్నం చూడటం అదే మొదలు. ఆమె కళ్ళు తుడుచుకుంది. గిరీష్ ఉంగరంతో బియ్యంలో మస్తాన్ అని రాశాడు.

వడ్డన వేళకి కుమారి వచ్చింది. అద్దాల గదిలో పిల్లవాణ్ణి చూసుకున్న నర్సు. గిరీష్ ప్రత్యేకంగా పిలిచాడు.

బియ్యం పళ్ళెంలోకి తొంగిచూసి నిలబడిపోయింది.

"మున్నీసా కలిసిందా మీకు?"

"ఏ మున్నీసా?" అంది బిందు.

"జంపని అమ్మాయండి. వాళ్ళ పాప కూడా మీ వాడి పక్కనే ఉండేది. వీణ్ణి మస్తాన్ అని పిలిచింది తనొక్కతే."

శేషారత్నం ముందుకొచ్చింది.

"నిన్న రైల్లో... చూస్తుంటే నేను తువ్వాలు కప్పేశానమ్మా. ఎవరావిడ?"

కుమారి పిల్లవాడి తల నిమిరింది.

"తెలిస్తే బాలింత నొచ్చుకుంటుంది, చెప్పొద్దందండి. బిందు కళ్ళు తెరిచేదాకా, ఒక పక్క తన కూతురినీ ఇంకో పక్క వీణ్ణీ వేసుకుని పాలిచ్చిన తల్లి."