ముప్పయ్యో సున్నా

ఎండాకాలం ఇంకా గుమ్మంలోనే ఉంది, నర్సరీ బావి అప్పుడే అడుగంటింది.

మొక్కలామెకు కాలు ఒకచోట నిలవడం లేదు. బిందెడు నీళ్ళు రెండు వందల మొక్కలకు పంచుతోంది.

"అక్కా, నీ డబ్బా మనిషి వచ్చాడు," తోడికోడలు కిసుక్కుమంది.

నెల్లాళ్ళుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి వస్తాడాయన. నర్సరీ మూల ఎప్పుడో ఎవరో పాతిన రేకు డబ్బా ఒకటుంది. దాని మీది గరాటు తీస్తాడు, తొంగి చూస్తాడు, పుస్తకంలో ఏదో రాసుకుని పోతాడు.

"అందులో ఏం చూస్తావయ్యా రోజూ?"

"వానమ్మా."

"ఆకాశంలో లేనిది డబ్బాలో ఉంటుందా?"

"లేదనే రాసుకుంటున్నా."

తోడికోడలు పకపకా నవ్వింది. మొక్కలామెకు ఒళ్ళు మండింది.

మర్నాడు గేటుకు తాళం పడింది.

ఆయన ఊచలు పట్టుకున్నాడు. "ఈ ఒక్కరోజు తియ్యమ్మా. లెక్క తెగిపోతుంది."

"తెగనీ! నువ్వు కాలు పెట్టిన దగ్గర్నుంచీ చుక్క రాల్లేదు. పో పో."

పుస్తకం నెత్తిన అడ్డం పెట్టుకుని మిట్టమధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ రాలేదు.

వారం తిరిగేసరికి సగం మొక్కలు తలలు వాల్చేశాయి. ప్రభుత్వం నీళ్ళ లారీ పంపుతుందని ఎవరో చెబితే, మొక్కలామె చెప్పులైనా వేసుకోకుండా ఆఫీసుకు పరుగెత్తింది.

గుమాస్తా పెదవి విరిచాడు. "వరసగా ముప్పై రోజులు వాన లేదని కొలిచి రాసుంటేనే లారీ. మీ పేటకి ఇరవై తొమ్మిదే ఉన్నాయమ్మా. మళ్ళీ ఒకటి నుంచి మొదలు."

"ఆ ఒక్కరోజు మాత్రం కురిసిందా బాబూ? నిప్పులు చెరిగింది కదా!"

"నేనూ అదే అన్నా. సున్నా వేసెయ్యవయ్యా, ఎవరు చూడొచ్చారు అని. కొలవంది రాయనన్నాడు, మొండిమనిషి."

మొక్కలామె బల్ల మీదికి వంగింది. "ఎవరు?"

గుమాస్తా పుస్తకం ఆమె వైపు తిప్పాడు. వరసగా ఇరవై తొమ్మిది సున్నాలు. వాటి కింద ఒక ఖాళీ గడి.

ఎదుటి పేజీలో లారీ కోసం అర్జీ ముందే రాసిపెట్టి ఉంది. మొదటి లారీ ఎక్కడికి అన్నచోట, గుండ్రటి అక్షరాలతో డబ్బా మనిషి రాశాడు: 'మొక్కల నర్సరీకి. అవి ఆగలేవు.'