మూడో కుండీ

సైన్సు కాలేజీ వార్షిక పరిశోధన సదస్సుకు ఇప్పుడు మనుషులెవరూ రారు. వాళ్ల ముఖం, వాళ్ల గొంతు ఉన్న వెలుగుబొమ్మలే వచ్చి పత్రాలు చదువుతాయి, ప్రశ్నలు అడుగుతాయి, జవాబులూ చెప్పుకుంటాయి. అయినా మొక్కల షెడ్డు అటెండరు పైడమ్మ ఏటా వేదిక మీద మంచినీళ్ల సీసాలు సర్దుతూనే ఉంది.

ఈసారి మాత్రం తన బొమ్మ ఎలా చదువుతుందో చూడాలని పరిశోధకురాలు శాంభవి స్వయంగా వచ్చి వెనక వరసలో కూర్చుంది. పైడమ్మ చూసే షెడ్డులోనే, కుండీల్లో నింపిన ఉప్పునేలలో వరి పెంచడం మీద ఆమెది మూడేళ్ల పని. బొమ్మ ఎక్కడా తడబడలేదు. ఆరు ప్రశ్నలకూ అడగ్గానే జవాబు చెప్పింది.

తలుపు దగ్గర నిలబడ్డ పైడమ్మ చెయ్యెత్తింది.

"మూడో కుండీ మా పచ్చగా ఉండీది కదమ్మా. రోజూ నానే నీళ్లు పోసినాను. మరెందుకు సచ్చిపోనాది? నానేటైనా తప్పు సేసినానా?"

"మూడో కుండీని లెక్కలోకి తీసుకోలేదు," అంది బొమ్మ చిరునవ్వుతో.

పైడమ్మ తల దించుకుంది. శాంభవి లేచి ఆమె దగ్గరికి నడిచింది.

"నీ తప్పేం కాదు పిన్నీ. ఎందుకు చచ్చిపోయిందో నాకే తెలీలేదు. తెలీదని రాయడానికి సిగ్గేసి వదిలేశాను."

హాల్లో బొమ్మలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆ సదస్సులో ఎవరైనా తెలీదని చెప్పి ఎన్నేళ్లయిందో.

"ఆ కుండీ పారేశావా?" అని శాంభవి అడిగింది.

"మనసొప్పలేదమ్మా. షెడ్డు ఎనకాల దాసినాను. ఇప్పటికీ రోజూ కాసిన్ని నీళ్లు పోత్తన్నాను."

శాంభవి వేదిక మీది నీళ్ల సీసా ఒకటి తీసుకుంది.

"పద పిన్నీ. ఇవాళ నేను పోస్తాను."