తీతువు ఎప్పటినుంచి అపశకునం?

నక్క కనిపిస్తే అరిచి మడుగులో పక్షులందర్నీ లేపడం తీతువు ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇచ్చింది మడుగుకి పెద్ద అయిన కొంగ. గులకరాళ్ల మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టిందో లేదో, మర్నాడే కొంగ వచ్చి వాలింది.

"రేపటినుంచి నువ్వు కాపలాకి రానక్కర్లేదు."

"నేనేం తప్పు చేశానండీ?"

"నీ అరుపు అపశకునం."

"మూడేళ్లుగా ఇదే గొంతు కదండీ!"

"ఎదురు చెప్పకు," అని కొంగ ఎగిరిపోయింది.

తీతువు వెళ్లి, మడుగులో తగవులు తీర్చే తాబేలు తాతతో మొరపెట్టుకుంది. తాత ఇవాళ కాదు రేపన్నాడు, రేపు కాదు వాన పడ్డాక అన్నాడు. నెల తర్వాత ఎట్టకేలకు ఇద్దర్నీ పిలిచాడు. అప్పటికి గుడ్లు పిల్లలై తల్లి కాళ్ల చుట్టూ పరుగులు పెడుతున్నాయి.

తాత కొంగని ఒక్కటే అడిగాడు. "దీని అరుపు ఎప్పటినుంచి అపశకునమైంది?"

"గుడ్లు పెట్టిన రోజునుంచి! పొదుగుతూ కూర్చునేదానికి కాపలా ఏం చేతనవుతుంది?" అనేసి కొంగ నాలుక కరుచుకుంది.

"అదా సంగతి! నీ ఉద్యోగం నీదే తల్లీ. రేపటినుంచి అరుచుకో," అన్నాడు తాత.

తీతువుకి ఒళ్లు మండిపోయింది.

"రేపటినుంచా? ఈ నెల్లాళ్లలో నక్క ఐదుసార్లు వచ్చింది తాతా! గుడ్లమీంచి లేవకుండానే ఐదుసార్లూ అరిచాను. తల దించుకుని చేపలు ఏరుకునే ఈ కొంగగారు ఎవరి అరుపు విని ఎగిరి బతికారో, అది కూడా అడుగు!"