గడప దగ్గర ఆరు నిమిషాలు

కాకినాడలో మూడు శీతల గిడ్డంగులు నడిపే హంసినికి పెళ్ళయిన నెలకి ఒక ఆదివారం తీరిక దొరికింది. కాఫీ తాగుతూ, తన బదులుమనిషి పెళ్ళిరోజున పంపిన నివేదిక తెరిచింది. అచ్చం తనలాగే ఉండే ఆ మరమనిషినే చిన్న పనులన్నిటికీ పంపేది. అత్తవారింటి గడప దగ్గర ఆడపడుచు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పించుకునే వేడుక కూడా, ఆనాటి బోర్డు మీటింగు వల్ల, చిన్న పనుల్లోకే వెళ్ళింది.

"పేరు చెప్పడమైనది. ఆరు నిమిషాలు ఆదా," అని ఉంది.

"ఎలా చెప్పాను?" అని భర్త భార్గవను అడిగింది.

"నా భుజం చాటున దాక్కుని చెప్పావు. వినపడలేదంటూ అక్క మూడుసార్లు చెప్పించింది. ఇల్లంతా ఒకటే నవ్వులు," అన్నాడతను, గుండ్రంగా వచ్చిన దోసెను చూసుకుని మురిసిపోతూ.

హంసిని కాఫీ కప్పు పక్కన పెట్టేసి లేచింది. అప్పుడే కూరలు తెస్తున్న ఆడపడుచుకి గుమ్మంలో ఎదురెళ్ళింది. "వదినా, ఇంకోసారి అడ్డం నిలబడవా? ఈసారి నేను చెప్తాను."

"చెప్పేశావు కదమ్మా, ఇంకేం వేడుక? జరుగు, చేతులు పీకేస్తున్నాయి," అంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరూ అడ్డం లేని గడప ముందు నిలబడి హంసిని సిగ్గుగా, మెల్లగా "భార్గవ" అంది.

"ఆఁ, వస్తున్నా. ఏం కావాలి?" అన్నాడతను వంటింట్లోంచి.