పల్లీలు పడని పిల్ల

ఇంట్లో కొత్త వంటమర, వంట చేసే రోబో, పులిహోర మొదలుపెట్టింది. సుధీంద్ర కూతురు మేధకు పల్లీలు పడవని రాసిన ఫైలు ఒక కంపెనీ కంప్యూటర్‌లో ఉంది, మర ఇంకో కంపెనీది. ఫైలు మరకు కనబడుతోంది గానీ తెరుచుకోవడం లేదు. సుధీంద్ర నెట్‌వర్క్ ఆపి మళ్లీ వేస్తూ గదంతా తిరుగుతున్నాడు.

"నూనె కాగిపోయిందండీ!" అంది భార్య వకుళ.

"ఒక్క నిమిషం. పాస్‌వర్డ్ ఒప్పుకోవట్లేదు."

"పల్లీలు వెయ్యకు!" అని వకుళ మర మీద అరిచింది.

"మీ గొంతు నమోదు కాలేదు," అంటూ మర పల్లీల డబ్బా తెరిచింది.

పోయినసారి ఒక్క పలుకు తిని మేధ ఊపిరాడక గిలగిల్లాడింది. వకుళ పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేసింది.

"అయ్యో, పాస్‌వర్డ్ ఇప్పుడే ఒప్పుకుంది, ఫైలు సగం వెళ్లింది!" అన్నాడు సుధీంద్ర.

వకుళ మర చేతిలోంచి గరిటె లాక్కుంది.

"అమ్మా, నీకు వంట వచ్చా?" అని అడిగింది మేధ.

"రాదమ్మా," అంది వకుళ, వేడి నూనెలో ఆవాలు వేస్తూ.